ఆనవాలు మిగలని పగడాలు

గట్టి పగడం చచ్చిపోతే శవమైనా మిగులుతుంది. తెల్లటి సున్నపు అస్థిపంజరం ఏళ్ల తరబడి అక్కడే నిలబడి ఉంటుంది. దాని మీద నాచు పడుతుంది, చేపలు గీకుతాయి, డైవర్లు ఫొటోలు తీస్తారు, శాస్త్రవేత్తలు టేపు పట్టి కొలుస్తారు. మెత్తటి పగడం సంగతి అలా కాదు. వేడికో రోగానికో పూడికకో అది చనిపోతే ఒళ్లంతా జిగురుగా మారి, కుళ్లి, కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది. కొన్ని వారాల తర్వాత అక్కడికి వెళ్లినవాళ్లకు కనిపించేది ఖాళీ రాయి. ఆ రాయి మీద మొన్నటిదాకా ఏముండేదో చెప్పే సాక్ష్యం ఉండదు.

వేడెక్కుతున్న సముద్రం, అడుగును దున్నేసే వలలు, నదులు మోసుకొచ్చే మట్టి, మురుగు, చమురు, అక్వేరియం వ్యాపారం... మెత్తటి పగడాలకు మనుషుల వల్ల వచ్చిన ముప్పుల్లో చాలావరకు గట్టి పగడాలకూ ఉన్నవే. అసలు తేడా లెక్క దగ్గర వస్తుంది. గట్టి పగడం పోతే నష్టంగా నమోదవుతుంది. మెత్తటి పగడం పోతే చాలాసార్లు అది పోయిందన్న సంగతే ఎక్కడా నమోదు కాదు.

ముందు పేరు గురించి ఒక మాట. పగడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది నగల్లో పొదిగే ఎర్ర రాయి. నిజానికి అది రాయి కాదు, మధ్యధరా సముద్రంలో పెరిగే కొరాలియమ్ రూబ్రమ్ అనే జీవి అస్థిపంజరం. చేతికి అంత గట్టిగా తగిలే ఈ ఎర్ర పగడం, సముద్రంలో దిబ్బలు (రీఫ్‌లు) కట్టే గట్టి పగడాలకు దూరపు చుట్టం మాత్రమే. దాని దగ్గరి బంధువులు మెత్తటి పగడాలు. అంటే దిబ్బలు కట్టే పగడాలకు మనం వాడే పేరు నిజానికి ఈ మెత్తటి కుటుంబం నుంచి వెళ్లిందే.

ఈ కుటుంబాన్ని ఆక్టోకోరల్స్ అంటారు, ఎనిమిది చేతుల పగడాలన్నమాట. చాలావరకు పగడాలు వందల వేల చిన్న జీవులు కలిసి కాపురం ఉండే గుంపులే. ఒక్కో జీవిని పాలిప్ అంటారు. గట్టి పగడాల పాలిప్‌కు నోటి చుట్టూ ఉండే స్పర్శకాలు సాధారణంగా ఆరు లెక్కన, ఆరు గుణకాల్లో ఉంటాయి. మెత్తటి పగడాల్లో ఎప్పుడూ ఎనిమిదే. పైగా ఆ ఎనిమిదీ నున్నగా ఉండవు, పక్షి ఈకలో మాదిరి రెండు వైపులా సన్నటి పోగులు ఉంటాయి. లెన్సు పెట్టి చూస్తే తెల్లటి ఎనిమిది రేకుల పువ్వులా ఉంటుంది. తోలులా దళసరిగా, పుట్టగొడుగు ఆకారంలో పెరిగే సార్కోఫైటాన్, వేళ్లలా చీలే సిన్యులేరియా, ప్రవాహానికి అడ్డంగా జాలీలా పరుచుకునే సముద్రపు విసనకర్రలు, బురదలో ఈకను గుచ్చినట్టు నిలబడే సముద్రపు కలాలు, అన్నీ ఈ ఇంటివే. ఇప్పటికి 3,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. 2022లో జన్యు ఆధారాలతో ఈ కుటుంబ వృక్షాన్నే దాదాపు మొదటి నుంచి మళ్లీ గీశారు. పుస్తకాల్లో ఏళ్లుగా కలిసి ఉన్న కొన్ని గుంపులు అప్పుడు విడిపోయాయి.

బయటి ఆకారం చూసి వీటి జాతి చెప్పడం నిపుణులకే కష్టం. అందుకని ఒక పాత పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. గోరంత ముక్క కోసి గాజు పలక మీద పెడతారు. బట్టలు తెల్లబరిచే బ్లీచ్ రెండు చుక్కలు దాని మీద వేస్తారు. సన్నగా నురగ లేస్తుంది. కాసేపటికి మాంసమంతా కరిగిపోయి, అడుగున పంచదార పొడి లాంటిది మిగులుతుంది. మైక్రోస్కోప్ కింద పెడితే ఆ పొడి ఒక ఆయుధశాలలా కనిపిస్తుంది: సూదులు, ముళ్ల గదలు, డంబెల్స్, పొలుసులు. కొన్ని గాజులా తెల్లగా, కొన్ని ఊదా రంగులో, కొన్ని నారింజ రంగులో. ఇవే స్క్లెరైట్లు, అంటే మెత్తటి పగడం ఒంట్లో ఉండే సున్నపు ముక్కలు. ఏ జాతిలో ఏ ఆకారం ముక్కలు ఉన్నాయన్నది పెద్ద గుర్తు.

ఈ ప్రయోగమే మెత్తటి పగడం చావు కథ కూడా చెబుతుంది. ఆ సున్నపు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, మాంసంలో విడివిడిగా ఇమిడి ఉంటాయి. మాంసం పోగానే చెల్లాచెదురై ఇసుకలో కలిసిపోతాయి. మినహాయింపులు లేకపోలేదు. సముద్రపు విసనకర్రలకు మధ్యలో కొమ్ములాంటి ప్రొటీన్‌తో చేసిన కాడ ఉంటుంది, అది కొంతకాలం నిలబడుతుంది. నీలి పగడం, ఎర్రటి గొట్టాలు పేర్చినట్టుండే ట్యూబిపోరా, ఎర్ర పగడం గట్టి అస్థిపంజరాలే కడతాయి. కొన్ని సిన్యులేరియాలు మొదలు దగ్గర తమ ముక్కలను సిమెంటులా కలిపి రాయిగా మార్చేస్తాయి కూడా. అయినా ఎక్కువ భాగం మెత్తటి పగడాలకు వర్తించేది మొదటి మాటే.

తిండి విషయంలో ఇవి రెండు దారులు పట్టాయి. ఎండ తగిలే లోతుల్లో ఉండేవాటిలో చాలావరకు గట్టి పగడాల్లాగే ఒంట్లో సూక్ష్మ శైవలాలకు చోటిచ్చి, అవి వండే చక్కెరలో వాటా తింటాయి. జీనియా, హెటెరోజీనియా అనే రకాలు ఇందులో ఇంకో అడుగు ముందుకేశాయి. వాటి పాలిప్‌లు రాత్రనక పగలనక గుప్పెట మూసి తెరిచినట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటాయి. నిద్ర కూడా లేని ఇంత కష్టం ఎందుకన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండేది. 2013లో వెలువడిన ఎర్ర సముద్రపు పరిశోధన ఒకటి దానికి జవాబిచ్చింది. శైవలాలు వదిలే ఆక్సిజన్ చుట్టూ పేరుకుపోతే కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. ఈ విసురుడు ఆ నీటిని తోసేసి కొత్త నీటిని తెచ్చుకోవడానికే. మధ్యాహ్నం పూట మాత్రం కాసేపు కునుకు తీస్తాయట, రోజుకు ఒకసారి.

రెండో దారి పట్టినవాటిలో డెండ్రోనెఫ్తియా ముఖ్యమైనది. కాలీఫ్లవర్ గడ్డకు గులాబీ, నారింజ, ఊదా రంగులు పూసినట్టుంటుంది. దీని ఒంట్లో శైవలాలు ఉండవు. నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మమైన వృక్ష ప్లవకాలే దీని తిండి అని 1995లో ఎర్ర సముద్రంలోనే తేలింది. ప్రవాహం వచ్చినప్పుడు నీళ్లు నింపుకుని బెలూన్‌లా ఉబ్బుతుంది, ప్రవాహం ఆగితే ముడుచుకుని మూలన పడి ఉంటుంది. ఈ రెండు సంగతులూ తర్వాత మళ్లీ పనికొస్తాయి.

వీటి అవసరం ఎవరికి? చిన్న చేపలకు, పీతలకు, రొయ్యలకు, నక్షత్ర చేపలను పోలిన పెళుసు నక్షత్రాలకు ఇవి ఇళ్లు. అట్లాంటిక్ ఉత్తర భాగంలో రెడ్‌ఫిష్ లార్వాలు సముద్రపు కలాల మధ్య తలదాచుకుంటున్నట్టు గమనించారు. అంటే బురద నేల మీద పనికిరాని గడ్డిలా కనిపించేది ఒక వాణిజ్య చేపకు ఉయ్యాల. మనుషులకు నేరుగా ఉపయోగం కావాలంటే అదీ ఉంది. ముళ్లు, పెంకు లేని ఈ జీవులు ఆత్మరక్షణ కోసం రసాయనాలను నమ్ముకున్నాయి. 1969లో ప్లెక్సారా హోమోమల్లా అనే కరీబియన్ పగడంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే హార్మోన్ల లాంటి రసాయనాలు భారీగా ఉన్నట్టు తెలియగానే, ఫ్యాక్టరీల్లో వాటిని చేసే మార్గం దొరికేదాకా మందుల పరిశోధన కోసం దాన్ని సముద్రం నుంచే కోసుకొచ్చారు. వీటిలోని చాలా రసాయనాలను తయారుచేసేది లోపలి సూక్ష్మజీవులు కాదని, పగడం తన సొంత జన్యువులతోనే చేసుకుంటుందని 2022లో తేలింది. ఏ జాతిలో ఏముందో సగం కూడా తెలియకముందే ఆ జాతులు పోవడం చిన్న సంగతి కాదు.

ఇక వేడి. శైవలాలను మోసే మెత్తటి పగడాలు కూడా నీరు మామూలు కన్నా వేడెక్కితే వాటిని వదిలేసి తెల్లబోతాయి. 1998లో ప్రపంచమంతా పగడాలు తెల్లబడ్డప్పుడు ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో మెత్తటి పగడాల కండ ఊడిపోవడాన్ని, చావులను కత్తరీనా ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త నమోదు చేశారు. అలా ఆ సమయానికి అక్కడ ఎవరో ఒకరు ఉండి రాసిపెట్టడం అరుదు. తెల్లబడ్డ గట్టి పగడం వారాల తరబడి కళ్లకు కట్టినట్టు కనబడుతుంది, చచ్చాక కూడా తెల్లగానో పచ్చగానో ఉంటుంది. మెత్తటిది ఈ నెల తెల్లబడి వచ్చే నెలకు మాయమైతే, ఆరు నెలలకోసారి సర్వేకు వెళ్లే బృందానికి దాని కథ ఎప్పటికీ తెలియదు.

మధ్యధరా సముద్రంలో మాత్రం వేడి దెబ్బ బాగానే రికార్డయింది, కారణం సముద్రపు విసనకర్రల కాడ కొన్నాళ్లు మిగలడమే. 1999 వేసవి చివర్లో ఫ్రాన్స్, ఇటలీ తీరాల దగ్గర వేడి నీరు మామూలు కన్నా లోతుకు దిగి వారాల తరబడి అక్కడే నిలిచిపోయింది. పారామురిసియా క్లవాటా అనే ఊదా రంగు విసనకర్రలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. కొమ్మల మీది కండ చివికిన గుడ్డలా పేలికలుగా వేలాడి, లోపలి నల్లటి కాడ బయటపడింది. 2003లో మళ్లీ అదే జరిగింది, 2022లో మార్సెయ్ పక్కన కలాంక్స్ ప్రాంతంలో ఇంకా తీవ్రంగా జరిగింది. ఈ విసనకర్రలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్ల లెక్కన పెరుగుతాయి. ఒక వడగాలికీ ఇంకో వడగాలికీ మధ్య ఇరవై ఏళ్లు కూడా దొరకని పరిస్థితిలో పాతవాటి స్థానంలో కొత్తవి పెరిగి పెద్దవయ్యే వ్యవధి లేదు.

రోగాలది ఇంకో కథ. 1990ల మధ్య నుంచి కరీబియన్ ప్రాంతంలో సముద్రపు విసనకర్రలకు ఒక బూజు పట్టుకుంది. దాని పేరు ఆస్పర్జిల్లస్ సిడోవై. విచిత్రం ఏమిటంటే ఇది నేల మీది మట్టిలోనూ ఉండే బూజు. జాలీలో ముందు ఒక మచ్చ పడుతుంది, దాని చుట్టూ ముదురు ఊదా రంగు వలయం ఏర్పడుతుంది. ఆ ఊదా వలయం రోగం కాదు, రోగాన్ని ఆపడానికి విసనకర్ర కట్టుకుంటున్న గోడ. గోడ నిలవకపోతే మచ్చ మధ్యలో చిల్లు పడి పెరుగుతూ పోతుంది. ఫ్లోరిడా కీస్‌లో కొన్నేళ్లపాటు గమనించిన చోట్ల విసనకర్రల సజీవ విస్తీర్ణం సగానికి పైగా పోయింది. తర్వాత రోగం తగ్గింది, బహుశా తట్టుకోలేనివి ముందే పోయాయి కాబట్టి.

మట్టి విషయానికి వస్తే, ఒడ్డున అడవి నరికినా, రోడ్డు వేసినా, పొలంలో ఎరువు ఎక్కువ చల్లినా ఆ లెక్క చివరికి నది ముఖద్వారం దగ్గర తేలుతుంది. గ్రేట్ బ్యారియర్ రీఫ్ పొడవునా చూస్తే నీరు మడ్డిగా ఉన్నచోట మెత్తటి పగడాల రకాలు తగ్గిపోయాయి, ముఖ్యంగా శైవలాల మీద ఆధారపడేవి. నీరు ఎంత బాగుందో చెప్పడానికి వీటి వైవిధ్యాన్నే కొలబద్దగా వాడొచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. కొన్ని చోట్ల మెత్తటి పగడాలు తగ్గడం లేదు కదా, పెరుగుతున్నాయి కదా? నిజమే. కరీబియన్‌లోని సెయింట్ జాన్ దీవి చుట్టూ 2017లో ఇర్మా, మరియా అనే రెండు అతి తీవ్ర తుపానులు రెండు వారాల తేడాలో విరుచుకుపడ్డాయి. విసనకర్రలు, కొమ్మల రకాలు చాలా కొట్టుకుపోయాయి, కానీ కొన్నేళ్లలోనే పిల్ల పగడాలు మొలిచి మళ్లీ గుంపులు కట్టాయి. గట్టి పగడాలు అక్కడ అంత తేరుకోలేదు. సముద్రంలో ఆమ్లత్వం పెరగడం కూడా కొన్ని మెత్తటి రకాలను అంతగా బాధించడం లేదు, వాటి సున్నపు ముక్కలు మాంసం మాటున భద్రంగా ఉంటాయి కనుక. ఇండొనేషియాలో డైనమైట్‌తో చేపలు పట్టి ముక్కలు చేసిన దిబ్బల మీద జీనియాలు దుప్పటిలా పరుచుకున్నాయి.

అయితే ఈ విజయాన్ని కాస్త దగ్గరగా చూడాలి. మూడు వేల జాతుల్లో గెలుస్తున్నది కొన్ని మొండి రకాలే. అవి ఆక్రమించిన చోట సర్వేలో ‘మెత్తటి పగడం 30 శాతం’ అని రాస్తే కాగితం మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అంతకుముందు అక్కడ ఇరవై రకాలు ఉండి ఇప్పుడు రెండే మిగిలితే ఆ సంగతి ఆ ఒక్క అంకెలో ఎక్కడా కనిపించదు.

ఎండ చేరని లోతుల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. పగడం అంటే వెచ్చటి నీలి నీళ్లే గుర్తొస్తాయి కానీ, పేరుపెట్టిన పగడపు జాతుల్లో సగానికి పైగా 50 మీటర్ల కన్నా లోతున బతికేవే. అక్కడి చలి నీటిలో, చీకట్లో ఎక్కువ కనబడేది ఈ ఎనిమిది చేతుల కుటుంబం. నార్వే తీరం నుంచి అలాస్కా దాకా మనిషి ఎత్తును మించి, చెట్లలా కొమ్మలు వేసే పారాగోర్గియా పగడాలు ఉన్నాయి. కొన్ని రకాల కాడ అడ్డంగా కోస్తే చెట్టు మానులో మాదిరి వలయాలు కనబడతాయి, లెక్కపెడితే వందల ఏళ్లు తేలుతుంది.

అడుగు ట్రాలింగ్ అంటే ఏమిటో తెలిస్తే ఈ వయసుల అర్థం తెలుస్తుంది. వల నోరు తెరుచుకుని ఉండటానికి రెండు పక్కలా ఇనుప తలుపులు ఉంటాయి, పెద్ద పడవల్లో ఒక్కో తలుపు బరువు టన్నుల్లో. వల అడుగు తాడుకు రబ్బరు చక్రాలో ఇనుప గుండ్లో కట్టి ఉంటాయి, రాళ్ల మీద కూడా దొర్లుకుంటూ పోవడానికి. వీటిని కిలోమీటర్ల కొద్దీ ఈడుస్తారు. దారిలో ఉన్న కొమ్మల పగడం వేళ్లతో సహా ఊడిపోతుంది. సముద్రపు కలాల్లో కొన్ని ప్రమాదం పసిగట్టి బురదలోకి ముడుచుకోగలవు. ఫునిక్యులినా లాంటి పొడవాటివి ముడుచుకోలేవు, విరుగుతాయి. ఆ వలలో పడ్డ పగడం అమ్ముడుపోయే సరుకు కూడా కాదు, డెక్ మీద నుంచి తిరిగి సముద్రంలోకి తోసేస్తారు. 300 ఏళ్ల చెట్టు ఒక మధ్యాహ్నం అలా పోతుంది.

2006లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఇలాంటి బలహీన ఆవాసాలను కాపాడాలని దేశాలను కోరింది. 2016లో యూరోపియన్ యూనియన్ 800 మీటర్ల కన్నా లోతున అడుగు ట్రాలింగ్‌ను నిషేధించింది. మంచి నిర్ణయాలే. కాకపోతే 800 మీటర్ల కన్నా తక్కువ లోతున కూడా ఈ పగడాలు బోలెడున్నాయి, అక్కడ చాలాచోట్ల వలలు నడుస్తూనే ఉన్నాయి. పైగా ఈడ్చే వలలే కాదు, తెగిపోయి వదిలేసిన వలలు, దారాలూ ప్రమాదమే. ఒక నైలాన్ గాలపు దారం విసనకర్ర కొమ్మకు చిక్కుకుందనుకుందాం. ప్రవాహం వచ్చినప్పుడల్లా అది రంపంలా ఆడుతుంది. కొమ్మ మీది పల్చటి కండ ఒక గీతలా చెక్కుకుపోతుంది. ఆ గీత మీద నాచు, హైడ్రాయిడ్లు అనే చిన్న పొదల్లాంటి జీవులు మొలుస్తాయి, వాటి బరువుకు ప్రవాహం ఇంకా గట్టిగా లాగుతుంది, కొన్నాళ్లకు కొమ్మ విరుగుతుంది. దారం మాత్రం చెక్కుచెదరదు.

చమురు సంగతి 2010లో తెలిసొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి, నెలల తరబడి చమురు చిమ్మింది. అదే ఏడాది నవంబరులో, బావికి 11 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 1,370 మీటర్ల లోతున పారామురిసియా చెట్ల మీద గోధుమ రంగు జిగురు పేరుకుని కనిపించింది. ఈసారి శాస్త్రవేత్తలు ఒక మంచి పని చేశారు. ఒక్కో చెట్టును గుర్తుపెట్టుకుని, ఏడాదికేడాది అదే కోణం నుంచి ఫొటో తీస్తూ వచ్చారు. ఏడేళ్ల తర్వాత కూడా బాగా దెబ్బతిన్నవి కోలుకోలేదు. దెబ్బతిన్న కొమ్మల మీద హైడ్రాయిడ్లు పట్టి, ఒక్కొక్కటిగా విరిగి పడ్డాయి. పైన తేలిన చమురును చూసినవాళ్లు కోట్ల మంది. అడుగున ఏం జరిగిందో తెలిసింది ఆ ఫొటోల వల్లే.

ఎర్ర పగడం దగ్గరికి మళ్లీ వద్దాం. ఈ కుటుంబంలో మనిషి కావాలని, విలువ తెలిసి, వెతికి వెతికి కొట్టుకొచ్చింది ఇదే. ఇటలీలోని టొరె దెల్ గ్రెకో పట్టణం శతాబ్దాలుగా దీని చెక్కడపు పని మీదే బతికింది. పూర్వం బరువైన శిలువ ఆకారపు దూలానికి వలలు కట్టి సముద్రపు అడుగున ఈడ్చేవారు. చేతికి చిక్కేది కొంత, విరిగి చీలికల్లో పడేది చాలా. ఈ సాధనాన్ని యూరోపియన్ యూనియన్ 1994లో నిషేధించింది. తర్వాత అంతా గాలి సిలిండర్లతో దిగే డైవర్ల చేతుల్లోకి వెళ్లింది. ఇప్పుడు మధ్యధరా చేపల వేటను పర్యవేక్షించే అంతర్జాతీయ సంఘం 50 మీటర్ల లోపు కోయొద్దంటోంది, మొదలు దగ్గర 7 మిల్లీమీటర్ల మందం లేనిదాన్ని ముట్టుకోవద్దంటోంది. ఏడు మిల్లీమీటర్లంటే పెన్సిలంత. కానీ ఎర్ర పగడం కాడ లావెక్కేది ఏడాదికి పావు మిల్లీమీటరు, అటూ ఇటూగా. అంటే పెన్సిలంత కావడానికే దాదాపు ముప్పై ఏళ్లు. కనీస కొలత అందుకున్నది కూడా నూరేళ్లకు పైగా బతకగల జీవిలో ఇంకా పడుచుదే.

వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాలో ఈ విలువైన పగడాలను చేర్చాలని 2007లో, మళ్లీ 2010లో ప్రతిపాదించారు. రెండుసార్లూ వీగిపోయింది. చైనా మాత్రం 2008లో తన జలాల్లోని నాలుగు జాతులను అదే ఒప్పందం మూడో అనుబంధంలో, అంటే ఒక దేశం తనంతట తానే చేర్పించగల జాబితాలో, చేర్పించింది. ఆరేళ్లకు, 2014 శరత్తులో, జపాన్‌కు చెందిన ఒగసవారా దీవుల చుట్టూ పగడం దొంగ వేటకు వచ్చిన చైనా పడవలు 200కు పైగా కనిపించాయి. ఒకచోట తలుపు మూస్తే ధర పెరిగి ఇంకోచోట గోడ దూకడం ఈ వ్యాపారంలో కొత్త కాదు.

అక్వేరియం వ్యాపారానిది ఇంత నాటకీయత లేని కథ, కానీ ఆలోచించదగ్గది. సార్కోఫైటాన్, సిన్యులేరియా, జీనియా లాంటివి తొట్టిలో హాయిగా బతుకుతాయి. పదునైన బ్లేడుతో పుట్టగొడుగు టోపీని కోసి, ముక్కను రాయికి రబ్బరు బ్యాండుతో బిగిస్తే కొన్ని వారాల్లో అతుక్కుని కొత్త పగడం అవుతుంది. అభిరుచి ఉన్నవాళ్లు ఇలా పెంచి ఒకరికొకరు ఇచ్చుకోవడం వల్ల సముద్రం మీద భారం కొంత తగ్గింది కూడా. డెండ్రోనెఫ్తియా అలా కాదు. రంగులు చూసి కొంటారు. దానికి శైవలాలు లేవు కాబట్టి ఎంత ఖరీదైన లైటు పెట్టినా లాభం లేదు, నిరంతరం ప్లవకాలు మోసుకొచ్చే నీటి ప్రవాహం కావాలి. మామూలు తొట్టిలో అది నెమ్మదిగా, నెలల తరబడి, రోజుకింత చొప్పున కుంచించుకుపోతూ ఆకలితో చచ్చిపోతుంది. చివర్లో కరిగి నీళ్లలో కలిసిపోతుంది. అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఇద్దరూ ‘తొట్టి సెట్ కాలేదు’ అనుకుని ఇంకోటి తెప్పిస్తారు.

ఇదే వ్యాపారం రెండో వైపు నుంచీ కొడుతోంది. ఉనోమియా స్టోలోనిఫెరా అనే విచ్చుకుని ముడుచుకునే పగడం సొంతూరు ఇండో పసిఫిక్. అక్వేరియం దారిలో వెనెజులా తీరం చేరి, మొచిమా జాతీయ పార్కులో గట్టి పగడాల మీద, సముద్రపు గడ్డి మీద దట్టమైన తివాచీలా పరుచుకుంది. హవాయిలో 1972లో కనిపించిన కరిజోవా రియిసై అనే తెల్ల పువ్వుల రకం లోతైన నీళ్లలోని నల్ల పగడాలను కమ్మేసింది. మెత్తటి పగడాలు బాధితులే అనుకుంటే ఇవి గుర్తుంచుకోవాలి. తన చోట అంతరించేది, పరాయి చోట కలుపు. రెండింటి వెనకా ఉన్న చెయ్యి ఒకటే.

సన్‌స్క్రీన్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. పసిఫిక్‌లోని పలావు అనే దీవుల దేశం, హవాయి కొన్ని రసాయనాలున్న క్రీములను నిషేధించాయి. తప్పేం లేదు, కానీ ఆ రసాయనాల హాని తేల్చిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం గట్టి పగడాల మీద చేసినవే. వేడి, ట్రాలర్లు, మట్టితో పోలిస్తే ఇది చిన్న సమస్య. చేతిలోని ట్యూబ్ మార్చడం తేలిక గనక దానికి అంత ప్రచారం.

మళ్లీ లెక్క దగ్గరికి. ప్రపంచంలో వేలాది వాలంటీర్లు వాడే రీఫ్ చెక్ పద్ధతిలో డైవర్ టేపు పరిచి, అర మీటరుకొకసారి కింద ఏముందో పలక మీద రెండు మూడు అక్షరాల కోడ్‌తో రాసుకుంటాడు. బతికున్న గట్టి పగడానికి ఒక కోడ్. ఈ మధ్యే చచ్చిన గట్టి పగడానికి వేరే కోడ్, ఆర్‌కేసీ. మెత్తటి పగడానికి ఒక్కటే, ఎస్‌సీ. మూడు వేల జాతులూ ఆ రెండక్షరాల్లోనే. ఈ మధ్యే చచ్చిన మెత్తటి పగడానికి కోడ్ లేదు, ఉన్నా రాయడానికి అక్కడ ఏమీ ఉండదు. దాని చోట ‘రాయి’ అని పడుతుంది. ఇది ఆ పద్ధతి తయారుచేసినవాళ్ల తప్పు కాదు. వారాంతంలో దిగే వాలంటీరుకు నేర్పగలిగేది అంతే. కానీ ఆ పలకల నుంచే పెద్ద అంకెలు పుడతాయి. 2009 నుంచి 2018 దాకా ప్రపంచంలో 14 శాతం పగడాలు పోయాయని 2021లో వచ్చిన అంతర్జాతీయ నివేదిక చెప్పింది. వార్తల్లో ‘పగడాలు’ అనే వచ్చింది, కొలిచింది మాత్రం గట్టి పగడాలను. 2024లో దిబ్బలు కట్టే పగడపు జాతుల్లో 44 శాతానికి అంతరించే ముప్పుందని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ ప్రకటించింది. అదీ గట్టివాటి గురించే. మెత్తటి కుటుంబంలో ఆ పరీక్ష దాకా వచ్చినవి కొన్నే. మధ్యధరా ప్రాంతంలో ఎర్ర పగడం ‘అంతరించే ప్రమాదంలో’ ఉన్నట్టు, ఊదా విసనకర్ర ‘దుర్బలం’ అన్నట్టు తేలింది. సైటీస్ కూడా రాయి కట్టే గట్టి పగడాలన్నింటినీ జాబితాలో పెట్టింది, నీలి పగడాన్ని, ట్యూబిపోరానూ చేర్చింది. అసలు మెత్తటివి బయటే ఉన్నాయి.

కొలవడమూ నిజంగా కష్టమే. పొద్దున నీళ్లు నింపుకుని మోచేయంత ఉన్న డెండ్రోనెఫ్తియా మధ్యాహ్నానికి గుప్పెడంత అవుతుంది. అది చిక్కిపోయిందా, ప్రవాహం ఆగి పడుకుందా అన్నది ఒక్కసారి చూస్తే తెలియదు.

అయినా కొలవొచ్చని చూపించిన చోటు ఒకటుంది. ఆస్ట్రేలియా న్యూసౌత్‌వేల్స్‌లో పోర్ట్ స్టీఫెన్స్ అనే పెద్ద నదీముఖం. అక్కడ డెండ్రోనెఫ్తియా ఆస్ట్రాలిస్ అనే లేత ఊదా రంగు రకం ఇసుక నేల మీద తోటల్లా ఉండేది. ఇప్పటికే ముప్పులో ఉన్న వైట్స్ సీహార్స్ అనే సముద్రపు గుర్రం తోక చుట్టుకునేది దీని కొమ్మలకే, స్నాపర్ చేప పిల్లలు దాక్కునేది దీని కిందే. 2011 నాటికి ఆ తోటల మ్యాపు ఉంది. 2019లో మళ్లీ గీస్తే విస్తీర్ణం దాదాపు 70 శాతం తగ్గింది. ఇసుక కదిలి వచ్చి వాటిని పూడ్చేసింది. పడవల లంగర్లు, కట్టేసే గొలుసులు, గాలపు దారాలు దానికి తోడయ్యాయి. 2021 మార్చిలో వచ్చిన భారీ వరద మంచినీటితో, మట్టితో మిగిలినవాటినీ చాలావరకు తుడిచేసింది. ఈలోగా పరిశోధకులు ల్యాబ్‌లో లార్వాల నుంచి పిల్ల పగడాలను పెంచి, తీసుకెళ్లి అదే అడుగున నాటడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియా చట్టం ఈ జాతిని అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో చేర్చింది, ఒక మెత్తటి పగడానికి దక్కిన అరుదైన గుర్తింపు అది.

ఆ తోటలు ఉండే చోట ఇప్పుడు డైవింగ్‌కు దిగితే చాలాచోట్ల కనిపించేది చదునైన, శుభ్రమైన ఇసుక. ఏ గాయమూ కనిపించదు. పాత మ్యాపు చేతిలో లేకపోతే అక్కడ మొదటి నుంచీ ఇసుకే ఉందనుకుని పైకి వచ్చేస్తారు.